"మేజర్ కదా మేడం, ఇష్టపడే వెళ్లింది!": అక్రమ రవాణాపై అపోహలు - వాస్తవాలు

పోయిన నెల మళ్లీ అదే మాట విన్నాను. ఈసారి అన్నది అమ్మాయి సొంత మేనమామ. "మేజర్ మేడం, తనే ఇష్టపడి వెళ్లింది. ఇంకేం కేసవుతుంది?" ఉచిత న్యాయ సహాయం ప్యానెల్‌లో లాయర్‌గా ఈ మాట ఎన్నిసార్లు విన్నానో నాకే లెక్క లేదు. స్టేషన్ మెట్ల దాకా వచ్చి, ఈ మాట తలచుకుని వెనక్కి పోయిన తల్లిదండ్రులను చూశాను.

అపోహ: ఇష్టపడి వెళ్తే ట్రాఫికింగ్ (మనుషుల అక్రమ రవాణా) కాదు.

వాస్తవం: బీఎన్‌ఎస్ (భారతీయ న్యాయ సంహిత) సెక్షన్ 143 తీసి చూడండి. పాత ఐపీసీ 370 స్థానంలో 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్నది అదే. బెదిరించి గానీ, మోసం చేసి గానీ, ఆశ చూపి గానీ ఒక మనిషిని దోపిడీ కోసం తీసుకెళ్లడం, దాచిపెట్టడం, ఇంకొకరికి అప్పగించడం నేరం. బాధితురాలు ఒప్పుకుందా లేదా అన్నది లెక్కలోకి రాదని ఆ సెక్షన్ వివరణలోనే ఉంది. శిక్ష ఏడేళ్లకు తగ్గదు, పదేళ్ల వరకూ పడొచ్చు. మైనర్ అయితే కనీసం పదేళ్లు. అయినా మేనమామ చెప్పిన ఆ అమ్మాయి ఒప్పుకున్నది దేనికి? పుణెలో బ్యూటీ పార్లర్ పనికి, నెలకు ఇరవై వేల జీతానికి. ఆ తర్వాత జరిగినవాటికి ఎవరూ ఆమెను అడగలేదు.

ఒకసారి ఒక తల్లి రేషన్ కార్డుతో పాటు ప్లాస్టిక్ కవర్లో ఒక స్టాంపు పేపర్ తెచ్చింది. "నా ఇష్టపూర్వకంగా వెళ్తున్నాను, ఎవరి బలవంతమూ లేదు" అని రాసి, కింద కూతురి సంతకం. "సంతకం పెట్టేసింది కదమ్మా, ఇంక మనం ఓడిపోయినట్టేనా?" అంది. ఆమె చేతులు వణుకుతున్నాయి. స్టాంపు వెండర్ రాసిన వరుస చూపించాను. తేదీ, సీరియల్ నంబర్, కొన్నవాడి పేరు. కొన్నది అమ్మాయి కాదు, ఏజెంటే! పార్లర్ ఉద్యోగానికి ఇలాంటి కాగితం ఎవడు రాయించుకుంటాడు? వాడు తన రక్షణకు రాయించుకున్న కాగితాన్నే మేం ఫిర్యాదుకు జత చేశాం.

మిగతావి గబగబా చెప్తాను.

"పిల్ల కనిపించట్లేదని వెళ్తే పోలీసులు 24 గంటలు ఆగి రమ్మంటారు." అలాంటి రూలే లేదు. ఎవరు పుట్టించారో గానీ, పిల్ల రాష్ట్రం దాటిపోయేది ఆ 24 గంటల్లోనే.

"మా స్టేషన్ పరిధి కాదు." కాకపోయినా జీరో ఎఫ్‌ఐఆర్, అంటే పరిధితో పని లేకుండా నమోదు చేసే ఎఫ్‌ఐఆర్, రాయాలి. బీఎన్‌ఎస్‌ఎస్ (భారతీయ నాగరిక సురక్షా సంహిత) సెక్షన్ 173 చూపించండి.

"పీటా (వ్యభిచార వ్యాపార నిరోధక చట్టం) కేసంటే అమ్మాయినే లోపలేస్తారు." ఈ భయం నాకు అర్థమవుతుంది, పేపర్ల హెడ్డింగులు అలాగే ఉంటాయి మరి. కానీ 1956 నాటి ఆ చట్టం ముందుగా గురిపెట్టింది వ్యభిచార గృహం నడిపేవాళ్ల మీద, దళారుల మీద, ఆ సంపాదన మీద బతికేవాళ్ల మీద. రెస్క్యూ చేసిన అమ్మాయిని మేజిస్ట్రేట్ ముందుకు తేవాలి. ప్రశ్నించాల్సింది మహిళా పోలీసులు.

"విజిట్ వీసా మీద కువైట్ వెళ్లి అక్కడ పనికి మార్చుకోవచ్చు." ఈసీఆర్ పాస్‌పోర్ట్ (కొన్ని దేశాలకు పనికి వెళ్లడానికి ప్రభుత్వ అనుమతి కావాల్సిన పాస్‌పోర్ట్) మీద ఇంటిపనికి వెళ్లే ఆడవాళ్లకు ముప్పై ఏళ్లు నిండాలి. ఏజెంట్లు విజిట్ వీసా దారి పట్టించేది ఆ నిబంధన తప్పించుకోవడానికే. ఏజెంట్ లైసెన్స్ కేంద్ర ప్రభుత్వ ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో చూసుకోవచ్చు, రెండు నిమిషాల పని.

ఇంకో మాట. కోపంలో ఏజెంట్ నంబర్, వాయిస్ మెసేజ్‌లు డిలీట్ చేయకండి. ఫోన్ అలాగే స్టేషన్‌కు తీసుకెళ్లండి. ముందు 112 (ఎమర్జెన్సీ)కో 181 (మహిళా హెల్ప్‌లైన్)కో కాల్ చేయండి, పద్దెనిమిది నిండని పిల్లయితే 1098 (చైల్డ్‌లైన్).