అమెరికాలో ఏడాది మధ్యలో హెల్త్ ఇన్సూరెన్స్: అపోహలు - వాస్తవాలు

నేను టెక్సాస్‌లో హెల్త్ ఇన్సూరెన్స్ ఏజెంటుగా పనిచేస్తున్నాను. లేఆఫ్‌ల వార్త వచ్చిన ప్రతిసారీ మనవాళ్ల ఫోన్లు ఎక్కువవుతాయి. చాలామంది గడువు దాటిపోయాకే ఫోన్ చేస్తారు. ఎవరో స్నేహితుడు చెప్పింది నమ్మి అప్పటిదాకా ఊరుకుని ఉంటారు. అలా నమ్మి ఇబ్బంది పడుతున్న విషయాలు ఇవీ.

అపోహ: ఓపెన్ ఎన్‌రోల్‌మెంట్ (ఏటా అందరూ ఇన్సూరెన్స్‌లో చేరే సమయం) అయిపోయింది కాబట్టి మళ్లీ నవంబరు దాకా ఆగాల్సిందే.

వాస్తవం: ఉన్న ఇన్సూరెన్స్ పోయినా, పెళ్లయినా, బిడ్డ పుట్టినా, 26 ఏళ్లు నిండి అమ్మానాన్నల ప్లాన్ నుంచి బయటికి వచ్చినా, ఇండియా నుంచి వచ్చి ఇక్కడ కాపురం పెట్టినా స్పెషల్ ఎన్‌రోల్‌మెంట్, అంటే ఏడాది మధ్యలో చేరే అవకాశం, దొరుకుతుంది. ఎవరికి వాళ్లు ఇన్సూరెన్స్ కొనుక్కునే ప్రభుత్వ వేదిక మార్కెట్‌ప్లేస్‌లో దీనికి మామూలుగా 60 రోజుల గడువు ఉంటుంది. అయితే ప్రీమియం కట్టక ప్లాన్ రద్దయినా, ఖర్చెక్కువని మీరే మానేసినా ఈ అవకాశం రాదు. ఆదాయం తక్కువుంటే ఏ నెలలోనైనా చేరొచ్చని చెప్పే పాత వీడియోలు ఇంకా తిరుగుతున్నాయి. కేంద్ర ప్రభుత్వ మార్కెట్‌ప్లేస్ వెబ్‌సైటు హెల్త్‌కేర్ డాట్ గవ్‌లో ఆ సౌకర్యం 2025 ఆగస్టుతో పోయింది. తక్కువ ఆదాయం వాళ్లకు ప్రభుత్వమిచ్చే మెడికెయిడ్, పిల్లలకిచ్చే చిప్‌లకు మాత్రం అర్హత ఉంటే ఏడాదంతా దరఖాస్తు చేసుకోవచ్చు.

అపోహ: ఉద్యోగం పోయిన రోజు నుంచి 60 రోజులు, వీసా గడువూ ఇన్సూరెన్స్ గడువూ ఒకటే.

వాస్తవం: అన్నిటికంటే ఎక్కువ గందరగోళం ఇక్కడే. హెచ్‌వన్‌బీ (ఉద్యోగ వీసా) గ్రేస్ పీరియడ్‌ను, అంటే ఉద్యోగం పోయాక దేశంలో ఉండనిచ్చే గడువును, ఉద్యోగం చివరి రోజు నుంచి లెక్కేస్తారు. ఇన్సూరెన్స్ గడువును కవరేజీ ఆగిన రోజు నుంచి లెక్కేస్తారు. మార్చి 12న ఉద్యోగం పోయింది, కంపెనీ ఇన్సూరెన్స్ నెలాఖరు దాకా ఉందనుకుందాం. వీసా లెక్క మే 11తో ముగుస్తుంది. ఇన్సూరెన్స్‌కు మే 30 దాకా సమయం ఉంటుంది. అలాగని మే దాకా ఆగొద్దు. కవరేజీ పోకముందే, మార్చి 31లోపే ప్లాన్ ఎంచుకుంటే ఏప్రిల్ 1 నుంచి మొదలవుతుంది. ఏప్రిల్ 5న ఎంచుకుంటే మే 1 నుంచే, అంటే ఏప్రిల్ నెలంతా ఖాళీ. లేఆఫ్ అయిన రోజే హెచ్ఆర్‌ను అడగాల్సిన మొదటి ప్రశ్న, "కవరేజీ ఏ తేదీతో ఆగుతుంది?" కొన్ని కంపెనీలు నెలాఖరు దాకా ఇస్తాయి, కొన్ని ఆ రోజే ఆపేస్తాయి.

అపోహ: కోబ్రా (ఉద్యోగం పోయాక కూడా పాత కంపెనీ ప్లాన్‌నే కొనసాగించుకునే సౌకర్యం) తీసుకుని, బరువనిపిస్తే ఎప్పుడైనా మార్కెట్‌ప్లేస్‌కు మారిపోవచ్చు.

వాస్తవం: ఆ 60 రోజుల్లోపైతే మారొచ్చు. తర్వాత మీ అంతట మీరు మానేస్తే ఓపెన్ ఎన్‌రోల్‌మెంట్ దాకా ఆగాలి. కోబ్రా గడువు పూర్తిగా ముగిసినా, కంపెనీ ఏదైనా వాటా ఇస్తూ ఆపేసినా మళ్లీ అవకాశం వస్తుంది. కోబ్రాలో మామూలుగా కంపెనీ వాటా కూడా మీరే కట్టాలి. మొత్తం ప్రీమియంలో 102 శాతం వరకు పడుతుంది. కానీ దానికో మంచి గుణం ఉంది. ఎంచుకోవడానికి కనీసం 60 రోజులిస్తారు, తీసుకుంటే కవరేజీ పోయిన రోజు నుంచే వర్తిస్తుంది. ఇందాక చెప్పిన ఏప్రిల్ ఖాళీలో ఆస్పత్రి పాలైతే ఆదుకునేది ఇదే.

అపోహ: వీసా మీద ఉన్నవాళ్లు మార్కెట్‌ప్లేస్‌లో కొనకూడదు.

వాస్తవం: హెచ్‌వన్‌బీ, హెచ్4 (వాళ్ల భార్య లేదా భర్త, పిల్లలు), ఎల్1 (కంపెనీ బదిలీ), ఎఫ్1 (విద్యార్థి) వీసాల వాళ్లు కొనుక్కోవచ్చు. మారుతున్నది సబ్సిడీ సంగతి. 2025లో వచ్చిన చట్టం ప్రకారం 2027 నుంచి ఈ వీసాల వాళ్లకు ప్రీమియం మీద ట్యాక్స్ క్రెడిట్, అంటే ఆ సబ్సిడీ, ఉండదు. పూర్తి ధర కట్టి కొనుక్కోవడానికి అడ్డేమీ లేదు.

అపోహ: పెళ్లి చేసుకున్న అమ్మాయికి వీసా వచ్చి ఇక్కడికి వచ్చాక కంపెనీ ప్లాన్‌లో చేర్పిద్దాం.

వాస్తవం: కంపెనీ ప్లాన్లలో పెళ్లికిచ్చే గడువు చాలాచోట్ల 30 రోజులే, అదీ పెళ్లి రోజు నుంచి. విజయవాడలో పెళ్లి చేసుకుని, వీసా స్టాంపింగ్‌కు నెలలు పట్టి, ఆమె దిగేసరికి హెచ్ఆర్ కుదరదంటుంది. ఆమె ఇండియాలో ఉన్నా సరే, పెళ్లవగానే హెచ్ఆర్‌కు చెప్పండి. గడువు దాటిపోయుంటే, ఆమె దిగిన రోజు నుంచి 60 రోజుల్లోపు మార్కెట్‌ప్లేస్‌లో తీసుకోవచ్చు. బిడ్డ పుట్టినా కంపెనీ ప్లాన్‌లో అదే 30 రోజులు. సోషల్ సెక్యూరిటీ నంబరు రాలేదని ఆగకండి, అది లేకుండానే చేర్పించొచ్చు. కవరేజీ పుట్టిన రోజు నుంచే లెక్క.

గర్భం రావడమే కారణంగా చూపి మధ్యలో చేరొచ్చా అని కూడా చాలామంది అడుగుతారు. న్యూయార్క్, మేరీల్యాండ్ లాంటి కొన్ని రాష్ట్రాల్లో కుదురుతుంది. టెక్సాస్‌లో కుదరదు.

అపోహ: అమ్మానాన్నలకు 65 దాటాయి కాబట్టి విజిటర్ ఇన్సూరెన్స్ తప్ప దారి లేదు.

వాస్తవం: చుట్టపుచూపుగా వచ్చినవాళ్లకు అంతే. గ్రీన్‌కార్డు మీద ఇక్కడ ఉండిపోవడానికి వచ్చినవాళ్లు మాత్రం 60 రోజుల్లోపు మార్కెట్‌ప్లేస్ ప్లాన్ తీసుకోవచ్చు. ఇక్కడ ఉద్యోగం చేయని పెద్దవాళ్లు మెడికేర్ (65 దాటినవాళ్లకు ప్రభుత్వ ఇన్సూరెన్స్) కొనుక్కోవాలంటే వరుసగా ఐదేళ్లు నివాసం ఉండాలి. అప్పటిదాకా 65 దాటినా మార్కెట్‌ప్లేస్ వాళ్లకు తెరిచే ఉంటుంది. షుగరు, బీపీ, పాత స్టెంటు ఉన్నాయని కాదనడానికి గానీ, ప్రీమియం పెంచడానికి గానీ వీల్లేదు. విజిటర్ ప్లాన్లకూ షార్ట్ టర్మ్ ప్లాన్లకూ ఆ కట్టుబాటు లేదు. పైగా అవి ముగిసిపోయినంత మాత్రాన స్పెషల్ ఎన్‌రోల్‌మెంట్ రాదు.

ఇక కాగితాలు. ప్లాన్ ఎంచుకున్నాక రుజువు అడిగితే 30 రోజుల్లో పంపాలి. కవరేజీ ఆగిన తేదీ ఉన్న కంపెనీ ఉత్తరం, ఇండియా నుంచి వచ్చిన తేదీ చూపే పాస్‌పోర్టు ముద్ర లేదా ఐ-94 (దేశంలోకి వచ్చిన రికార్డు), పెళ్లి సర్టిఫికెట్ ముందే స్కాన్ చేసి ఉంచుకోండి. మొదటి ప్రీమియం కట్టేదాకా కవరేజీ మొదలవదు. కాబట్టి ప్లాన్ ఎంచుకున్న రోజే అదీ కట్టేయండి.