గుగ్గిళ్లు ఉడికించి పెట్టడంలో ఉన్న సైన్స్

పెళ్లి ఊరేగింపులో గుర్రానికి లడ్డూలు, అన్నం, నానిన శనగలు, ఎవరికి తోచింది వాళ్లు పెడుతుంటారు. గడ్డి తినే జంతువుకు అవి మంచివేనా అని ఒక పాఠకురాలు అడిగారు. మంచివి కావు. ఎందుకు కావో చెప్పాలంటే గుర్రం పేగుల్లోకి వెళ్లాలి.

ఆవు పొట్టలోని నాలుగు గదుల బొమ్మను బడిలో పిల్లల చేత బట్టీ పట్టిస్తాం. గుర్రం దగ్గరికొచ్చేసరికి ‘నెమరు వేయదు’ అని ఒక్క ముక్క చెప్పి వదిలేస్తాం. నాకిది చాలా బాధగా ఉంటుంది, ఎందుకంటే గుర్రం పేగులు అంతకంటే విచిత్రమైనవి. గడ్డిలోని పీచును అరిగించేది ఆవులోనైనా గుర్రంలోనైనా సూక్ష్మజీవులే. ఆవులో అవి మొదట్లోనే, పొట్టలోనే కాపురముంటాయి. గుర్రంలో చిన్నపేగు దాటాక, చివర్లో ఉంటాయి. 500 కిలోల గుర్రానికి పొట్ట పట్టేది 8 నుంచి 15 లీటర్లే. మేత అక్కడ ఎక్కువసేపు ఆగదు. సుమారు 20 మీటర్ల చిన్నపేగును కొన్ని గంటల్లో దాటి, పెద్దపేగు మొదట్లో సంచిలా ఉండే అంధనాళంలో పడుతుంది. అది మీటరు పొడవున, 30 లీటర్లు పట్టేంత ఉంటుంది. అక్కడా, ఆ తర్వాతి పెద్దపేగులోనూ పీచు నిదానంగా పులిసి ఎసిటిక్, ప్రొపియోనిక్, బ్యూటిరిక్ ఆమ్లాలుగా మారుతుంది. గడ్డి మీద బతికే గుర్రానికి బలం వచ్చేది ఎక్కువగా వీటి నుంచే.

ఇక పిండిపదార్థం సంగతి. దాన్ని చిన్నపేగులోనే అమైలేజ్ అనే ఎంజైము విడగొట్టాలి. గుర్రంలో ఆ ఎంజైము తక్కువ. కిలో బరువుకు ఒక గ్రాము చొప్పున, అంటే 500 కిలోల గుర్రానికి పూటకు అరకిలో పిండిపదార్థం దాటనివ్వకపోవడం క్షేమం. మిగిలింది అరగకుండానే అంధనాళంలోకి జారిపోతుంది.

వేసవిలో ఇడ్లీ పిండిని రాత్రి బయట ఉంచితే ఏమవుతుందో మీకు తెలుసు. పిండి, తడి, వెచ్చదనం దొరికితే లాక్టిక్ బ్యాక్టీరియాకు పండగే. తెల్లారేసరికి పిండి పొంగి, పుల్లబడి, గిన్నె అంచు దాటుతుంది. అంధనాళంలోనూ ఆ జాతి బ్యాక్టీరియా ఉంది, వేడి 38 డిగ్రీల దాకా ఉంటుంది. ఇడ్లీ పిండి మరీ పులిసిపోతే ఫ్రిజ్‌లో పెడతాం, పొంగితే గిన్నె మారుస్తాం. గుర్రం కనీసం వాంతి కూడా చేసుకోలేదు. పొట్ట పైమూతి కండరం అంత గట్టిగా బిగిసి ఉంటుంది. పులుపు పెరిగేకొద్దీ తగ్గే కొలత పీహెచ్. అంధనాళంలో మామూలుగా 7కు దగ్గరగా ఉండే అది 6 కంటే కిందికి పడిపోతుంది. పీచును అరిగించే బ్యాక్టీరియా చనిపోయి, వాటి గోడల్లోని ఎండోటాక్సిన్లు అనే విషపదార్థాలు బయటపడతాయి. గ్యాస్ పట్టి కడుపునొప్పి మొదలవుతుంది. గుర్రం మాటిమాటికీ డొక్కల వైపు చూసుకుంటుంది, నేలమీద దొర్లుతుంది.

ఆ తర్వాత దెబ్బ పడేది గిట్టల మీద. గిట్ట గోడకు లోపలి ఎముకను పట్టి ఉంచే సన్నని మడతలు ఒక్కో కాలికి 550కి పైనే ఉంటాయి. అవి వాచి, పట్టు వదిలితే ఎముక కిందికి దిగుతుంది. లామినైటిస్ అంటే ఇదే. శని పోతుందని గుర్రపు నాడాను గుమ్మానికి కొట్టుకునేవాళ్లు, ఆ నాడా మోసిన గిట్ట ఏం తిండి వల్ల పాడవుతుందో ఒక్కసారి ఆలోచించాలని నా కోరిక.

మరి మన తాతల కాలం నుంచీ గుర్రానికి ఉలవ గుగ్గిళ్లు పెడుతున్నారు కదా? పెట్టొచ్చు, కొలతగా. ఉడికిస్తే పిండి రేణువులు విచ్చుకుని చిన్నపేగులోనే అరుగుతాయి, అంధనాళం దాకా వెళ్లేది తగ్గుతుంది. ప్రొటీన్ అరుగుదలకు అడ్డుపడే ట్రిప్సిన్ నిరోధకాలూ పనిచేయకుండా పోతాయి. ఓట్స్ పచ్చివైనా మొక్కజొన్న కంటే తేలికగా అరుగుతాయి కాబట్టి రేసు గుర్రాలకు అవే ఇష్టంగా పెడతారు.

అసలు మేత మాత్రం గడ్డే. రోజుకు శరీర బరువులో కనీసం ఒకటిన్నర శాతం, ఎండుగడ్డి లెక్కన. కిలో ఎండుగడ్డి నమలడానికి 40 నిమిషాలు పడితే, కిలో ఓట్స్‌కు పది నిమిషాలు చాలు. ఆమ్లం ఘాటును తగ్గించే లాలాజలం నమిలినప్పుడే ఊరుతుంది, పొట్టలో ఆమ్లమేమో రాత్రీ పగలూ ఊరుతూనే ఉంటుంది. అందుకే గంటల తరబడి ఖాళీగా కట్టేసిన గుర్రానికి అల్సర్లు వస్తాయి. మేత మార్చాలంటే పది రోజులు తీసుకుని కొంచెం కొంచెంగా మార్చాలి. నీళ్లు, ఉప్పు ఎప్పుడూ అందుబాటులో ఉంచాలి.

గుర్రం తాడు తెంపుకుని దాణా బస్తా ఖాళీ చేసిందని తెలిస్తే కుంటేదాకా ఆగొద్దు. వెంటనే పశువైద్యుడికి ఫోన్ చేసి, ఆయన వచ్చేలోపే కాళ్లను ఐస్ నీళ్లలో నిలబెట్టాలి. రెండు మూడు రోజులు ఆ చల్లదనం తగ్గకుండా చూస్తే గిట్ట లోపలి మడతలు నిలిచే అవకాశం బాగా పెరుగుతుంది. నొప్పి బయటపడ్డాక మొదలుపెడితే అంత ఫలితం ఉండదు.