ఒప్పులకుప్ప ఆపాక కూడా ఇల్లు ఎందుకు తిరుగుతుంది?

చిన్నప్పుడు ఒప్పులకుప్ప ఆడి ఆగగానే ఇళ్లూ చెట్లూ తిరిగేవి కదా, మేమైతే ఆ తమాషా కోసమే ఆడేవాళ్లం. కళ్లు తిరుగుతున్నాయి అంటాం గానీ అసలు సంగతి చెవి లోపల ఉంది, ఇంకా లోపలికి వెళ్తే మెదడునీ వెన్నుపామునీ కలిపే మెదడు కాండంలో ఉంది.

లోపలి చెవిలో మూడు అర్ధవృత్తాకార కుల్యలు (సన్నని గొట్టాలు), వాటి నిండా ద్రవం. గిరగిరా తిరిగి టక్కున ఆగితే మనం ఆగినా ద్రవం వెంటనే ఆగదు, ఇంకా తిరుగుతున్నామనే చెవి మెదడుకు సంకేతం పంపుతుంది. ఇంతవరకు స్కూల్లో చెప్పిందే. నన్ను ఆశ్చర్యపరిచింది ఆ తర్వాతది: చెవి నుంచి వచ్చే ఆ సంకేతం ఐదారు సెకన్లలోనే చాలావరకు సన్నగిల్లుతుంది, దాన్ని పట్టుకుని 15, 20 సెకన్ల దాకా సాగదీసేది మెదడు కాండంలోని న్యూరాన్లు, అంటే నాడీ కణాలు! నెమ్మదిగా, ఎక్కువసేపు సాగే తిరుగుడును చెవి సరిగ్గా పసిగట్టలేదు, ఆ లోటు పూడ్చడానికే ఈ ఏర్పాటు.

ఇది చదువుతూనే తల అటూ ఇటూ ఊపండి, అక్షరాలు నిలకడగానే కనిపిస్తాయి. ఇప్పుడు తల కదపకుండా ఫోన్‌ను అంతే వేగంగా ఊపండి, చదవలేరు. తల కదిలినప్పుడు చెవి నుంచి మెదడు కాండానికి, అక్కడి నుంచి కంటి కండరాలకు మూడే మూడు న్యూరాన్ల దారి, సెకనులో సుమారు వందో వంతులో కళ్లు ఎదురు దిశకు తిరిగిపోతాయి. చూసి సర్దుకోవాలంటే దాదాపు పది రెట్లు సమయం పడుతుంది.

శబ్దం దగ్గర ఈ వేగం ఇంకా విచిత్రం. కుడి పక్కన ఎవరైనా పిలిస్తే ఆ పిలుపు ఎడమ చెవికి ఆలస్యంగా చేరుతుంది, ఆ ఆలస్యం మహా అయితే సెకనులో పదివేలో వంతులు ఆరేడు. సెకనులో లక్షో వంతు తేడాను కూడా మనం గుర్తుపట్టగలం, ఒక న్యూరాన్ సంకేతం సాగే కాలమే దానికి వంద రెట్లు ఉంటుంది కాబట్టి ఇది ఎలా సాధ్యమని ఎవరికైనా అనిపిస్తుంది. రెండు చెవుల సంకేతాలూ ఒకే న్యూరాన్ మీద కలుస్తాయి, దాదాపు ఒకేసారి చేరితేనే అది గట్టిగా స్పందిస్తుంది. 1948లో అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త లాయిడ్ జెఫ్రెస్ ఊహించిన ఈ పద్ధతిని తర్వాత గుడ్లగూబలో నిజంగానే చూశారు, క్షీరదాల్లో ఎలా జరుగుతుందన్న వాదన మాత్రం ఇంకా తెగలేదు.

ఒంటి నిలకడ విషయంలోనూ రెండు చెవుల తేడానే లెక్క. తల కదలకపోయినా లోపలి చెవి కుల్యల నుంచి వచ్చే నరాలు ఊరుకోవు, కోతుల్లో కొలిస్తే ఒక్కో పోగు సెకనుకు సుమారు 90 సంకేతాలు పంపుతూనే ఉంటుంది. కుడికి తిరిగితే కుడివైపు పెరుగుతాయి, ఎడమవైపు తగ్గుతాయి.

మా పిన్ని ఒకరోజు పొద్దున మంచం మీద నుంచి లేవలేకపోయింది, గది మొత్తం తిరుగుతోందని ఒకటే వాంతులు. బీపీ అనీ నీరసం అనీ తలా ఒకటి అన్నాం, చివరికి ఒక చెవి నరం వాచిందని తేలింది. (మాట తడబడినా, ఒకటి రెండుగా కనిపించినా అది స్ట్రోక్ కావచ్చు, వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.) ఒకవైపు సంకేతాలు పడిపోతే మెదడు కాండం దాన్ని తిరగడంగానే చదువుతుంది, తప్పు దానిది కాదు. నరం పూర్తిగా కోలుకోకపోయినా అక్కడి న్యూరాన్లు కొన్ని వారాల్లో రెండు వైపులా లెక్క సరిచేసుకుంటాయి, అయితే తల కదులుతుంటేనే అది త్వరగా జరుగుతుంది. అందుకే, తొలి రోజుల ఉధృతం తగ్గాక, డాక్టర్ చెప్పినట్టు పిన్ని గోడ పట్టుకుని వసారాలో తల అటూ ఇటూ తిప్పుతూ నడిచేది, నెల తిరిగేసరికి గోడ వదిలేసింది.