నాన్న కంటి ప్రెషర్ గురించి మీ పెదనాన్న ఉత్తరం

చిన్నా, బుజ్జీ,

మీ మెసేజ్ చూశాను. కంటి క్యాంపులో నాన్నకి ప్రెషర్ 24 వచ్చింది, పక్కింటి అంకుల్‌కి కూడా 24 ఏ, అత్తకి మాత్రం 17 నార్మల్ అన్నారు, మరి నాన్నకి నీటికాసులు, అదే కంటి నరం దెబ్బతినే గ్లకోమా జబ్బు, వచ్చేసినట్టేనా అని కదా మీ భయం. గూగుల్ చూసి ఏడ్చే బదులు ఒక కాగితం తీసుకోండర్రా, శాతాలు వచ్చు కదా మీకు.

మామూలుగా 10 నుంచి 21 దాకా నార్మల్ అంటారు. కానీ అమెరికాలో బాల్టిమోర్‌లో జనం కళ్ళు చెక్ చేస్తే గ్లకోమా ఉన్నవాళ్ళలో దాదాపు సగం మందికి ఆ రోజు ప్రెషర్ 21 దాటనేలేదు, ఇటు ఏ జబ్బూ లేనివాళ్ళలో నూటికి ఓ ఎనిమిది మందికి దాటేసింది. అంటే ఈ టెస్టు ఒక్కదాన్నే నమ్ముకోలేం.

ఇప్పుడు అంకుల్ లాంటి నలభై దాటిన 1000 మందిని తీసుకోండి, వాళ్ళలో 20 మందికి జబ్బు ఉందనుకుందాం. వాళ్ళలో 10 మందిని టెస్టు పట్టుకుంటుంది. మిగతా 980 మంది బాగున్నవాళ్ళే అయినా ఎనిమిది శాతం లెక్కన 78 మందికి ఊరికే ఎక్కువ చూపిస్తుంది. మొత్తం 88 మంది టెన్షన్ పడతారు, నిజంగా జబ్బున్నది 10 మందికే, అంటే నూటికి పదకొండు. అంకుల్ మళ్ళీ చూపించుకోవాలి గానీ కంగారు పడక్కర్లేదు.

మరి నాన్న? నేను రోజూ రాత్రి చుక్కలు వేసుకునేది గ్లకోమాకే కదా, నాన్న నా తోడబుట్టినవాడు, వాడు ఆ 1000 మందిలో లెక్క కాదు. ఇలా రక్తసంబంధం ఉన్న 1000 మందిలో 100 మందికి ఉందనుకుంటే 50 మంది పట్టుబడతారు, 72 మంది ఊరికే బెదిరిపోతారు, 122లో 50 అంటే నూటికి 41. అదే 24, అదే మెషిన్, కానీ అర్థం ఎక్కడికో పోయింది చూశారా! టెస్టుకి ముందు ఎంత అనుమానం ఉందో అక్కడి నుంచే లెక్క మొదలవ్వాలి అన్నది థామస్ బేయ్స్ అనే ఇంగ్లండ్ మతబోధకుడి ఆలోచన, ఆయన 1761లో పోయాక 1763లో అచ్చయింది.

నాకు అసలు బెంగ అత్త గురించే. తను కూడా నా తోబుట్టువే. ఇందాకటి రక్తసంబంధం ఉన్న 1000 మందిలో నార్మల్ వచ్చిన 878 మందిని చూస్తే, 50 మందికి జబ్బు దాక్కునే ఉంటుంది, దాదాపు ఆరు శాతం, అంటే టెస్టు చేయించుకోకముందు అంకుల్‌కి ఉన్న రిస్క్‌కి మూడింతలు. 17 చూసి స్వీట్లు పంచిందట మహాతల్లి!

ఇంకోటి, నాన్నని అదే గాలి ఊదే మెషిన్ దగ్గర మళ్ళీ మళ్ళీ కూర్చోబెడితే లాభం తక్కువ, కార్నియా (కంటి ముందుండే పారదర్శక పొర) మందంగా ఉంటే ప్రతిసారీ ఎక్కువే చూపిస్తుంది, అది కొత్త సాక్ష్యం కాదు. కార్నియా మందం కొలిపించాలి, చుక్కలు వేసి కంటి నరం చూడమనాలి, పక్కల చూపు ఎంతవరకు ఉందో చూసే ఫీల్డ్ టెస్ట్ చేయించాలి. ఫీల్డ్ టెస్ట్ మొదటిసారి చాలామందికి బటన్ నొక్కడం అలవాటవ్వక పాడుగా వస్తుంది, రెండోసారి చేద్దాం అంటే విసుక్కోవద్దని చెప్పండి. ఒక్కో రిజల్ట్ వచ్చినప్పుడల్లా ఆ 41 పైకో కిందకో కదులుతుంది.

నాన్న ఆస్తమాకి, చర్మానికి స్టెరాయిడ్ ఏదైనా వాడుతుంటే డాక్టర్‌కి చెప్పమనండి, దానికీ ప్రెషర్ పెరుగుతుంది. అపాయింట్‌మెంట్ ఇద్దరికీ తీసుకోండి, అత్త రానంటే నాకు ఫోన్ చేయండి.

మీ పెదనాన్న