పిల్లలమర్రి పక్కన ఉన్న గుడి ఏ ఊరిది?

2025 మేలో మిస్ వరల్డ్ పోటీలకు వచ్చిన అమ్మాయిలను మహబూబ్‌నగర్ తీసుకెళ్లి పిల్లలమర్రి చూపించారు. దాంతో ఆ చెట్టు ఫొటోలు అందరి ఫోన్లలోకీ వచ్చాయి. ఏడు వందల ఏళ్ల మర్రి, మూడెకరాల నీడ, కింద వెయ్యి మంది కూర్చోవచ్చు అని అందరూ రాశారు. అవన్నీ చెప్పుకోవాల్సినవే. కానీ చెట్టు పక్కనే ఉన్న రాతి గుడి గురించి రాసినవాళ్లు పెద్దగా కనిపించలేదు. రాజరాజేశ్వరి గుడి అది. పదహారో శతాబ్దంలో కట్టింది. అయితే కట్టింది అక్కడ కాదు, ఈర్లదిన్నె అనే ఊళ్లో. ఆ ఊరు శ్రీశైలం ప్రాజెక్టు ముంపులో పోయింది. గుడిని మాత్రం రాయి రాయి విప్పి, 1980ల మొదట్లో పిల్లలమర్రి దగ్గరికి తెచ్చి మళ్లీ నిలబెట్టారు.

పాలమూరు జిల్లాకు గుర్తుగా చెప్పుకునే చెట్టు నీడలోనే, ఆ జిల్లా పోగొట్టుకున్న ఊరి గుర్తు కూడా ఉందన్నమాట. శ్రీశైలం నిర్వాసితులు ఉద్యోగాల కోసం ఇప్పటికీ ఎందుకు ధర్నాలు చేస్తున్నారో అర్థం కావాలంటే ఈ గుడి దగ్గర మొదలుపెట్టడమే మంచిది.

శ్రీశైలం ప్రాజెక్టుకు 1963లో నెహ్రూ శంకుస్థాపన చేశారు. మొదట్లో అది కరెంటు కోసం తలపెట్టిన ప్రాజెక్టు. డ్యామ్ పూర్తి నీటిమట్టం 885 అడుగులు. ఆ ఎత్తుకు నీళ్లు నిలబడితే కృష్ణ, తుంగభద్ర ఒడ్డున ఉన్న ఊళ్లు అటు కర్నూలు జిల్లాలోనూ ఇటు మహబూబ్‌నగర్ జిల్లాలోనూ మునుగుతాయి. మునిగినవి నూటికి పైగా ఊళ్లు, కదిలిపోయినవాళ్లు లక్షకు పైగా జనం. ఏటి ఒడ్డు భూములు కాబట్టి కరువు జిల్లాలో ఉన్నా అక్కడ పంటకు ఢోకా ఉండేది కాదు. పోయినవి ఆ భూములే.

1981 జూన్‌లో జరిగినదాన్ని ఆ ప్రాంతం వాళ్లు ఇంకా మర్చిపోలేదు. ఊళ్లు ఖాళీ చేయించడానికి ప్రభుత్వం పెట్టిన పేరు ‘ఆపరేషన్ డిమాలిషన్’. పోలీసులను దింపి, నీళ్లు రాకముందే ఇళ్లు కూలగొట్టారు. వానాకాలం ముంగిట్లో జనం దూలాలు, తలుపులు, గాబులు బండ్లకెత్తుకుని కదిలారు. అప్పటికి అమల్లో ఉన్నది 1894 నాటి భూసేకరణ చట్టం. అందులో పరిహారమే తప్ప పునరావాసం అన్న మాట లేదు. పట్టా ఉన్నవాడి చేతికి ఎంతో కొంత డబ్బు వచ్చింది. మరి కమ్మరి, కుమ్మరి, చాకలి, కూలిపని చేసుకునేవాళ్లు? వాళ్లకు బతుకుతెరువు ఊరే. రైతులుంటే పని ఉంటుంది, కల్లం దగ్గర గింజలు వస్తాయి. ఊరు చెదిరిపోతే ఆ లెక్క ఏ కాగితం మీదా ఉండదు.

తరలించే పని గుళ్ల విషయంలో మాత్రం ఎంత శ్రద్ధగా జరిగిందో చూడండి. పురావస్తు శాఖ ముంపు గుళ్లను గుర్తించి, రాళ్లకు నంబర్లు వేసి, విప్పి, మరో చోట అదే వరసలో పేర్చింది. కూడవెల్లి సంగమేశ్వరాలయం ఆలంపురానికి అలాగే చేరింది. ఈర్లదిన్నె గుడి పిల్లలమర్రికి వచ్చింది. అది చాలా గొప్ప పని, చేసినవాళ్లకు దణ్ణం పెట్టాలి. అదే జాగ్రత్తతో ఇంటింటికీ నంబరు వేసి, ఏ కుటుంబం పక్కన ఏ కుటుంబం ఉండేదో చూసి, ఊరిని ఊరిగా మరోచోట నిలబెట్టాలన్న ఆలోచన ఎవరికీ రాకపోవడమే నన్ను బాధపెడుతుంది. ప్రతి ఊరికీ రావిచెట్టో వేపచెట్టో చుట్టూ కట్టిన ఒక రచ్చకట్ట ఉంటుంది కదా. పంచాయితీలు, పెళ్లి మాటలు, పంట ధరలు అన్నీ అక్కడే. దాన్ని విప్పి తేలేం.

చెట్టు విషయానికే వస్తే, 2017 డిసెంబరులో పిల్లలమర్రిది ఒక పెద్ద కొమ్మ విరిగిపడింది. చెదలు లోపలి నుంచి తినేశాయి. కొమ్మలమీద ఊగేవాళ్లు, ఎక్కేవాళ్లు ఎక్కువయ్యారు. ఊడలు నేలలోకి దిగే దారి లేకుండా పోయింది. సందర్శకులను ఆపేసి అటవీశాఖ వైద్యం మొదలుపెట్టింది. మొదట చెట్టుకు రంధ్రాలు చేసి క్లోర్‌పైరిఫాస్ అనే చెదల మందు పోస్తే బయటికి కారిపోయింది. అప్పుడు ఆస్పత్రిలో మనిషికి ఎక్కించినట్టే సెలైన్ సీసాలు కట్టారు. బెరడులో గుచ్చిన సూది గుండా నీళ్లలో కలిపిన మందు చుక్క చుక్కగా దిగేది. చెట్టంతా అలాంటి సీసాలు వందల్లో వేలాడాయి. లేత ఊడలను మట్టి నింపిన పైపుల్లోకి దింపి నేలదాకా నడిపించారు. బరువైన కొమ్మల కింద సిమెంటు స్తంభాలు పెట్టారు. చెట్టు తేరుకుంది.

ఊళ్లు పోయిన మనుషులకు దక్కిన మందు ఒక జీవో. 1986 ఏప్రిల్ 15న వచ్చిన జీవో 98. శ్రీశైలం ముంపులో ఇల్లు, భూమి పోయిన కుటుంబంలో ఒకరికి ప్రభుత్వ ఉద్యోగం ఇస్తామన్నది అందులోని మాట. కొందరికి లష్కర్ (కాలువల కాపలా) వంటి ఉద్యోగాలు వచ్చాయి. మిగతావాళ్లు ఫైలు పట్టుకుని తిరుగుతూనే వయసు దాటిపోయారు. 2014లో రాష్ట్రం విడిపోయాక ఒకే డ్యామ్ నిర్వాసితులు రెండు ప్రభుత్వాల మధ్య పడ్డారు. 2016లో తెలంగాణ జిల్లాలు మారాయి. పాత మహబూబ్‌నగర్ ముంపు ఊళ్లు ఇప్పుడు నాగర్‌కర్నూల్, వనపర్తి, గద్వాల జిల్లాల్లోకి పోయాయి. కర్నూలు వైపు కొన్ని 2022లో నంద్యాల జిల్లాలో కలిశాయి. అర్జీ ఏ కలెక్టరేట్‌లో ఇవ్వాలన్నదే ఒక టెన్షన్.

ఎండాకాలం డ్యామ్‌లో నీళ్లు అడుగంటితే ముంపులోనే ఉండిపోయిన మరో గుడి, సప్తనదుల సంగమేశ్వరం, లోపలి వేపచెక్క శివలింగం బయటపడతాయి. జనం పడవల్లో వెళ్లి పూజలు చేసి వస్తారు. అదే సమయంలో పాత ఊళ్ల పునాదులు కూడా బురదలోంచి తేలతాయి. ‘ఇదిగో మా ఇల్లు, ఇది మా బావి’ అని పిల్లలకు చూపించే పెద్దవాళ్లు ఇంకా ఉన్నారు. 1981లో ఇరవై ఏళ్లున్న మనిషికి ఇప్పుడు అరవై దాటాయి. జీవో 98 కింద దరఖాస్తు పెట్టుకోవడానికి అతని కొడుకుకు కూడా వయసు మించిపోతోంది.