ఫైల్ పడగానే ఛానల్‌లో మెసేజ్: అపోహలు, వాస్తవాలు

ఫోల్డర్‌లో ఫైల్ పడగానే టీమ్ ఛానల్‌లో మెసేజ్ రావాలి, అంతే కదా, అరగంట పని అంటారు. మొదటి మెసేజ్ రావడానికి అరగంట చాలు, నిజమే. ఇలాంటివి కట్టడం, ఆగిపోయినవాటిని బాగుచేయడం నా రోజువారీ పని కాబట్టి తరచూ వినే మాటలు కొన్ని ఇక్కడ పెడుతున్నా.

అపోహ: ఒకసారి సెట్ చేస్తే ఇక దాని జోలికి పోనక్కర్లేదు.

వాస్తవం: గూగుల్ డ్రైవ్‌లో మార్పుల కోసం తెరిచే నోటిఫికేషన్ ఛానల్‌కి (టీమ్ ఛానల్ కాదు, మార్పు జరిగితే మన ప్రోగ్రామ్‌కి కబురు పంపమని డ్రైవ్‌తో చేసుకునే ఏర్పాటు) గరిష్ఠంగా 7 రోజులే ఆయుష్షు, ఒక్క ఫైల్ మీద పెడితే 1 రోజే. గడువు దానంతటది పెరగదు, మనమే కొత్తది తెరవాలి. వన్‌డ్రైవ్ దాదాపు 30 రోజులిస్తుంది గానీ నన్నడిగితే అదే ఎక్కువ టెన్షన్, నెల తిరిగేసరికి అసలు ఇలాంటిదొకటి పెట్టామన్న సంగతే అందరూ మరిచిపోతారు. నేనూ ఓసారి గడువు పొడిగించడం మరిచిపోయా. మెసేజ్‌లు రాకపోతే ఈ వారం ఎవరూ ఏమీ పెట్టలేదేమో అనుకుని ఊరుకున్నాం, ఎర్రర్ కూడా ఏమీ లేదు, రాని కబురుకి ఎర్రర్ ఎక్కడినుంచి వస్తుంది? అప్పటినుంచి రోజూ ఆ ఫోల్డర్‌లో ఓ టెస్ట్ ఫైల్ పడేసే స్క్రిప్ట్ నడుపుతున్నా, దాని మెసేజ్ రాకపోతే నాకు ఈమెయిల్ వస్తుంది.

అపోహ: ఏ ఫైల్ మారిందో వెబ్‌హుక్కే (మార్పు జరగగానే ఆ సర్వీస్ మన సర్వర్‌కి పంపే కబురు) చెప్పేస్తుంది.

వాస్తవం: డ్రాప్‌బాక్స్ చెప్పేది ఏ అకౌంట్‌లో మార్పు జరిగిందన్నదే. తలుపు కొట్టి వెళ్లిపోతుంది, మిగతాది మనం వెళ్లి చూసుకోవాలి, అంటే కిందటిసారి ఎక్కడిదాకా చూశామో గుర్తుగా దాచుకున్న కర్సర్ చూపించి, అప్పటినుంచి మారినవేవో అడగాలి. కబురు అందిందని మనం జవాబివ్వడానికి 10 సెకన్ల గడువు. టీమ్ చాట్ యాప్ స్లాక్ పంపే ఈవెంట్లకైతే (ఛానల్‌లో ఏదైనా జరిగితే వచ్చే కబుర్లు) 3 సెకన్లే, చాలామంది దొరికిపోయేది ఇక్కడే: ఛానల్‌లో పడిన ఫైల్‌ని దించుకుని, పేరు మార్చి, స్టోరేజ్‌లోకి ఎక్కించి అప్పుడు తీరిగ్గా జవాబిస్తారు, ఈలోగా స్లాక్ అందలేదనుకుని 3 సార్లు దాకా మళ్లీ పంపుతుంది, చూస్తే ఒకే ఫైల్‌కి నాలుగు కాపీలు. ముందు అందిందని చెప్పేసి పనిని తర్వాత చేసేందుకు క్యూలో వేయండి, ఈవెంట్ ఐడీ రాసిపెట్టుకుని రెండోసారి వస్తే వదిలేయండి.

అపోహ: కోడ్ రాయకుండానే యాప్‌లని కలిపే నో-కోడ్ టూల్ పెడితే అంతా క్షణాల్లో.

వాస్తవం: ట్రిగ్గర్‌ని, అంటే పని మొదలయ్యే తీరుని బట్టి. జాపియర్ అనే అలాంటి టూల్‌లో పోలింగ్ ట్రిగ్గర్ (కొత్తవేమైనా వచ్చాయా అని అప్పుడప్పుడూ వెళ్లి చూసేది) అయితే ప్లాన్‌ని బట్టి 15 నిమిషాలు కూడా పట్టొచ్చు.

అపోహ: ఛానల్‌లో లింక్ పడితే అందరికీ ఫైల్ తెరుచుకుంటుంది.

వాస్తవం: ఛానల్‌లో ఉండటం వేరు, ఫైల్ చూసే అనుమతి వేరు. విసుగొచ్చి లింక్ ఉన్నవాళ్లెవరైనా చూడొచ్చని పెట్టేస్తారు, దయచేసి ఆ పని చేయకండి, ఫోల్డర్‌ని ఓ గ్రూప్‌తో షేర్ చేయండి.

ఇక ఛానల్ నుంచి ఫోల్డర్‌కి, ఫోల్డర్ నుంచి ఛానల్‌కి రెండువైపులా కలిపేవాళ్లు, బాట్ (ఈ పని చేసే ప్రోగ్రామ్) తనే పెట్టిన ఫైల్‌ని పట్టించుకోకూడదన్న ఒక్క షరతు ముందే రాసుకోండి. లేదంటే ఫైల్ అటూ ఇటూ తిరుగుతూనే ఉంటుంది, మీరు నిద్రపోయినా అది పోదు.