తొడ ఎముకలో రాడ్ ఏం చేస్తుంది?

మా బాబాయి బైక్ మీంచి పడి తొడ ఎముక విరిగినప్పుడు ఇంట్లో అందరిదీ ఒకటే ప్రశ్న, ఎముకలోకి రాడ్ ఎందుకు, పిండికట్టు వేస్తే సరిపోదా అని. సరిపోదు. తొడ కండరాలు చాలా బలమైనవి, ఎముక విరగ్గానే అవి రెండు ముక్కల్నీ ఒకదాని పక్కకి ఒకటి లాగేస్తాయి, కాలు పొట్టిదైపోతుంది. అంత లాగుడుని పైనున్న కట్టు ఆపలేదు. పైగా బయటికి ఒక్క చుక్క కనపడకుండానే తొడలోపల లీటరుకి పైగా రక్తం పోవచ్చు, అందుకే తొడ విరిగిన మనిషిని ఆటోలో ముడుచుకుని కూర్చోబెట్టకుండా కాలు కదలకుండా పడుకోబెట్టి అంబులెన్సులో తీసుకెళ్లాలి.

ఒకప్పుడు కాలికి బరువులు వేలాడదీసి వారాల తరబడి మంచం మీదే ఉంచేవాళ్లు. ఎముక అతికేది గానీ మోకాలు బిగుసుకుపోయేది, పుండ్లు పడేవి, ఊపిరితిత్తులు దెబ్బతినేవి.

దీన్ని మార్చినవాడు జర్మనీ సర్జన్ గెర్హార్డ్ కుంట్షర్. తొడ ఎముక మధ్యలో మూలుగ ఉండే గొట్టం ఉంది కదా, అందులోకి పొడవాటి స్టీలు మేకు దించితే ఎముకని లోపలినుంచే పట్టుకోవచ్చని 1939లో కీల్ నగరంలో చేసి చూపించాడు. 1940లో బెర్లిన్‌లో ఆ సంగతి చెబితే, మూలుగ పాడైతే ఎముక ఎలా అతుకుతుందని చాలామంది పెద్ద సర్జన్లు కొట్టిపారేశారు. యుద్ధంలో జర్మన్లకి చిక్కిన సైనికులు ఇళ్లకి తిరిగొచ్చాక వాళ్ల ఎక్స్‌రేలలో మేకులు చూసి అమెరికా, బ్రిటన్ డాక్టర్లు నివ్వెరపోయారు. మూలుగ వైపు రక్తనాళాలు తెగేమాట నిజమే, కానీ ఎముక పైపొర నుంచి రక్తం వస్తూనే ఉంటుంది, కొత్త ఎముక అక్కణ్ణుంచే పుట్టుకొస్తుంది.

ఇప్పుడైతే తుంటి దగ్గర చిన్న కోత పెట్టి (కొన్నిసార్లు మోకాలి వైపు నుంచి) సన్నటి తీగ దించి, ఎప్పటికప్పుడు ఎక్స్‌రే చూపించే సీ-ఆర్మ్ సాయంతో ఆ తీగని విరిగిన చోటు దాటించి, గొట్టాన్ని అర మిల్లీమీటరు చొప్పున వెడల్పు చేసుకుంటూ పోతారు, తర్వాత రాడ్ దింపుతారు. విరిగిన చోటుని తెరవాల్సిన పని చాలాసార్లు ఉండదు. కుంట్షర్ మేకుతో ఒక ఇబ్బంది, ఎముక నుగ్గయితే కాలు పొట్టి కావడమో తిరిగిపోవడమో జరిగేది. అందుకే తర్వాత వచ్చిన రాడ్లకి పైనా కిందా అడ్డంగా స్క్రూలు బిగించే ఏర్పాటు చేశారు. నాకు అన్నిటికంటే గొప్పగా అనిపించేది అదే.

బాబాయిని మర్నాడే వాకర్‌తో నిలబెట్టారు. అందరికీ ఇంత త్వరగా కుదరదు, కాలి మీద ఎంత బరువు వేయొచ్చో విరిగిన తీరుని బట్టి డాక్టరే చెప్పాలి. కానీ రాడ్ ఎముకని అతికించదు, అతుక్కునేదాకా కాపు కాస్తుంది, అంతే. ఆ అతుక్కోవడానికి నెలలు పడుతుంది, సిగరెట్ తాగితే ఇంకా ఆలస్యం. మూడో నెల ఎక్స్‌రేలో విరిగిన చోట చుట్టూ దూదిలాంటి తెల్లటి మబ్బు కనపడింది. అదే కొత్త ఎముకట. బాబాయి దాన్ని ఫోన్లో ఫోటో తీసుకుని పిన్నికి చూపించి, సిగరెట్ ప్యాకెట్ ఆమె చేతిలో పెట్టేశాడు.